గ్రే చిలకకి బూడిద ఈకల మధ్య ఎర్ర ఈకలు: మీ దగ్గర ఎవరికైనా వచ్చాయా?

మిట్టూ అమ్మ (మధురవాడ)
అందరికీ నమస్కారం. మా మిట్టూ కాంగో గ్రే, అంటే ఆఫ్రికా బూడిద చిలకల్లో ఎర్ర తోక రకం. మూడేళ్లు నిండాయి. ఈసారి ఈకలు రాలి కొత్తవి వచ్చేటప్పుడు ఎడమ రెక్క కింద రెండు, తొడ దగ్గర ఒకటి ఎర్రవి మొలిచాయి. తోక రంగే, మొదలు నుంచి కొస దాకా. తిండి బాగానే తింటోంది, కుక్కర్ విజిల్ అచ్చంగా దింపేస్తోంది. ఇది రోగమా, మామూలేనా? రొమ్ము ఈకలు కూడా నిరుటి కంటే తెల్లబడినట్టున్నాయి. ఇంకోటి, మన వైజాగ్ ఉక్కలో వారానికి ఎన్నిసార్లు స్నానం చేయిస్తున్నారు?

గాజువాక రెక్కలు
ఎవరైనా వచ్చి "మీది రెడ్ ఫ్యాక్టర్ (పుట్టుకతోనే ఒంటి మీద ఎర్ర ఈకలుండే గ్రే), మంచి రేటు వస్తుంది" అంటే నమ్మకండి. నేను నమ్మి మునిగాను. 2021లో ఒక బ్రీడర్ దగ్గర, వీపు మీద ఎనిమిది ఎర్ర ఈకలున్న పిల్లని మామూలు ధర మీద ముప్పై వేలు ఎక్కువ పెట్టి తెచ్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఎర్రవన్నీ రాలి, ఆ చోట శుభ్రంగా బూడిద ఈకలు వచ్చాయి. ఫోన్ చేస్తే "మీరు సరిగా పెంచలేదు" అన్నాడు. పక్షి మీద నాకేం కోపం లేదు, నా భుజం దిగదు అది. ఆ మాటకే ఇప్పటికీ కడుపు మండుతుంది.

పక్షిప్రియ
15 ఏళ్లుగా గ్రేలు పెంచుతున్నాను, ఇప్పుడు నాలుగు జతలున్నాయి. అంతా తిండిలోనే ఉంది. బీట్‌రూట్, క్యారెట్, పండుమిర్చి రోజూ పెట్టండి, ఎరుపు దానంతటదే వస్తుంది. మా పిల్లల తోకలు కుంకుమలా ఉంటాయి.

సీతమ్మధార లెక్చరర్
అది తప్పండీ. ఫ్లెమింగోకి, కానరీకి తిండిలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల రంగొస్తుంది. చిలకల సంగతి వేరు. వాటి ఎరుపు, పసుపు రంగులు సిటాకోఫుల్విన్లు అనే పదార్థాలవి. ఈక పెరిగేటప్పుడు చిలక ఒంట్లోనే అవి తయారవుతాయి. బూడిద రంగు మెలనిన్‌ది. బీట్‌రూట్ ఎంత పెట్టినా రెట్ట ఎర్రబడుతుంది గానీ ఈక ఎర్రబడదు.

పక్షిప్రియ
పుస్తకం చదివినంత మాత్రాన పక్షి పెరగదు సార్. రాత్రి రెండింటికి లేచి పిల్లలకి సిరింజితో గుజ్జు పట్టినవాణ్ణి నేను. మీరు ఎన్ని పిల్లల్ని తీశారు?

సీతమ్మధార లెక్చరర్
ఒక్కటీ తీయలేదు. మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. మీ పిల్లల తోకలు కుంకుమలా ఉండేది అవి కాంగో గ్రేలు కాబట్టి. అదే టిమ్నే అనే ఇంకో రకం గ్రే అయితే మీరేం పెట్టినా తోక మెరూనే. క్యారెట్, పండుమిర్చి మానేయమనడం లేదు, విటమిన్ ఎ కోసం తప్పకుండా పెట్టాలి. ఉత్త పొద్దుతిరుగుడు గింజల మీద పెరిగిన గ్రేకి విటమిన్ ఎ, కాల్షియం రెండూ తగ్గుతాయి. కాల్షియం పడిపోతే ఫిట్స్ వస్తాయి. అది రంగు కంటే పెద్ద టెన్షన్.

వన్‌టౌన్ డాబా
రొమ్ము తెల్లబడిందన్నారు, మాది నల్లబడింది! కంగారుపడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన తడి దూది రాసి చూపించారు, దూది నల్లగా అయింది. మా డాబా మీద రోజూ పడే నల్ల ధూళే అది. కేజ్ లోపలి గదిలోకి మార్చాక నెలకి అసలు రంగొచ్చింది. గ్రేల ఒంటి మీద ఎలాగూ తెల్ల పొడి ఉంటుంది కదా, స్నానం తగ్గితే అదీ పేరుకుని రంగు వేరేగా కనిపిస్తుంది.

కోకో నాన్న (ఎంవీపీ)
దయచేసి ఆ గొడవ ఆపండి. మిట్టూ అమ్మగారూ, ముందు పీబీఎఫ్‌డీకి (చిలకల ముక్కు, ఈకల రోగం) పీసీఆర్ టెస్ట్ చేయించండి. అది సర్కోవైరస్ అనే వైరస్ వల్ల వస్తుంది. గ్రేలలో బూడిద ఈక రావలసిన చోట ఎర్రది రావడం దాని లక్షణాల్లో ఒకటి. మా కోకోకి కూడా నాలుగు ఎర్ర ఈకలే మొదట వచ్చాయి. అందంగా ఉందని ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. తరవాత వచ్చిన ఈకల తొడుగు ఊడలేదు, కాడలో నల్లగా రక్తం, మొదట్లో దారం కట్టి బిగించినట్టు నొక్కుకుపోయి ఉండేది. అప్పటికి ఆలస్యమైంది. దానికి మందు లేదు. ఈకల పొడితో, రెట్టతో పక్కవాటికి అంటుతుంది. రిపోర్ట్ వచ్చేదాకా కొత్త పక్షిని ఇంటికి తేకండి. పాజిటివ్ వచ్చినా పక్షి హుషారుగా ఉంటే భయపడొద్దు, 90 రోజులకి మళ్లీ చేయించాలి.

పెదవాల్తేరు పిన్ని
అయ్యో, కోకో గురించి చదివి ఏడుపొచ్చింది బాబూ. కానీ ఎర్ర ఈక ప్రతిదీ రోగం కాదమ్మా. హుద్‌హుద్ నాడు, 2014 అక్టోబర్ 12న, మా హాల్లో కిటికీ అద్దాలు పగిలి గాలి లోపలికొచ్చేసింది. కేజ్‌ని మంచం కిందకి తోసి, దుప్పటి కప్పి కూర్చున్నాం. ఆ భయానికి మా రాణి తొడ ఈకలు పీకేసుకోవడం మొదలెట్టింది, నెలల తరబడి ఆపలేదు. పీకిన చోటే మళ్లీ మళ్లీ పీకితే, ఆఖరికి అక్కడ ఎర్రవి మొలిచాయి. ఇప్పటికీ ఎర్రవే. టెస్ట్ రెండుసార్లు నెగెటివ్.

గాజువాక రెక్కలు
పక్షిప్రియ గారూ, నాలుగు జతలన్నారు. రిజిస్టర్ చేశారా? 2024 రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి, పిల్లలు పుట్టినా చెప్పాలి. గ్రే 2017 జనవరి నుంచి సైటిస్ (అడవి జీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది. నాకు అమ్మినవాడు ఒక్క కాగితం ఇవ్వలేదు.

పక్షిప్రియ
అన్నీ ఉన్నాయి. మీకు అమ్మినవాడి కోపం నా మీద తీర్చుకోకండి.

వన్‌టౌన్ డాబా
అదే పోర్టల్‌లో రామచిలకని కూడా రిజిస్టర్ చేయొచ్చా? మా అత్తగారింట్లో ఒకటుంది.

సీతమ్మధార లెక్చరర్
కుదరదు. అది మన దేశపు అడవి పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇంట్లో పెంచడమే నేరం. అటవీ శాఖకి అప్పగించమని చెప్పండి.

మిట్టూ అమ్మ (మధురవాడ)
అందరికీ థాంక్స్. ఈ రోజు రక్తం, రాలిన ఎర్ర ఈక రెండూ టెస్ట్‌కి ఇచ్చి వచ్చాం. డాక్టర్ భూతద్దంలో చూసి, కాడ శుభ్రంగా ఉంది, నొక్కు లేదు అన్నారు. ఆ ఒక్క మాటతో మధ్యాహ్నం అన్నం తినగలిగాను. కోకో నాన్నగారూ, మీరు రాయకపోతే నేను వెళ్లేదాన్నే కాదు. స్నానం సంగతి ఎవరూ చెప్పలేదు.

పెదవాల్తేరు పిన్ని
వారానికి మూడుసార్లు చేయించమ్మా. పొద్దున పదింటికి, ఫ్యాన్ కట్టేసి, మామూలు నీళ్లు స్ప్రేతో పైనుంచి సన్నటి వానలా పడనివ్వు. మొహం మీద కొట్టకు. రాణి అయితే రెక్కలు రెండూ విప్పి తలకిందులుగా వేలాడుతుంది. సాయంత్రం మాత్రం వద్దు, మన గాలి తేమకి ఈక లోపల ఆరదు.