ఘాట్‌లో రేస్ ఇస్తే మిస్సింగ్: ఆరు ఇంజెక్టర్లు చేయించినా అదే దగ్గు

రామభద్రపురం లారీ · ఆదివారం రాత్రి 9.12
అందరికీ నమస్కారం. పది టైర్ల బండి, 2018 మోడల్, బీఎస్-4 (పొగ నిబంధన), కామన్ రైల్, అంటే అన్ని ఇంజెక్టర్లకీ రైల్ అనే ఒకే గొట్టం నుంచి ప్రెషర్‌తో డీజిల్ వెళ్లే రకం. విశాఖ పోర్టులో ఎరువు ఎక్కించి ఒడిశాలోని జయపురంలో దించుతాం. సాలూరు దాటాక పి.కోనవలస ఘాట్‌లో మూడో గేరులో గట్టిగా తొక్కితే బండి దగ్గుతోంది. గుక్క తిప్పుకోలేనట్టు రెండు మూడు సార్లు కొట్టుకుంటుంది, కాలు తీస్తే సర్దుకుంటుంది, మళ్లీ తొక్కితే మళ్లీ అదే. ఐడిల్లో తేడా లేదు. ప్లెయిన్ రోడ్డు మీద లేదు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. నల్ల పొగ లేదు.

రెండు డీజిల్ ఫిల్టర్లు, ఎయిర్ ఫిల్టర్ మార్చాం. చివరికి ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఆరు ఇంజెక్టర్లూ విప్పి బాగుచేయించాం, లేబరుతో 68 వేలు. షెడ్డులో నడిపి చూపించి బ్రహ్మాండంగా ఉందన్నారు. మొదటి ట్రిప్పులోనే ఘాట్‌లో మళ్లీ దగ్గింది.

నా అనుమానం డీజిల్ మీద. సుంకి దాటి ఒడిశా బంకులో కొట్టించాక బండి బాణంలా పోతోంది. ఇటు నుంచి ఎక్కేటప్పుడే గొడవ. ట్యాంకులో ఎవరో తీసి, ఏదో కలిపారు. ఎవరో మీకు చెప్పక్కర్లేదు. తెలిసినవాళ్లు సలహా ఇవ్వండి.

కంచిలి కుర్రాడు · 9.20
ఒడిశాలో లీటరుకి ఎంత తక్కువన్నా ఇప్పుడు?

పాత పంపు మేస్త్రి · 9.41
బాబూ, ఇంజెక్టర్లు విప్పమని ఎవరు చెప్పారు నీకు? సెల్ఫ్ కొట్టగానే అందుకునే బండికి ఇంజెక్టర్లు ఎలా పోతాయి? అవి అరిగి డీజిల్ వెనక్కి వదిలేస్తుంటే రైల్లో ప్రెషర్ నిలవదు, ముందు స్టార్టింగ్ దగ్గరే ఏడిపిస్తుంది.

నల్ల పొగ లేదన్నావు చూడు, సగం జవాబు అక్కడే ఉంది. నల్ల పొగ వస్తే ఇంజనుకి గాలి చాలట్లేదని, టర్బో గొట్టమో ఇంటర్‌కూలర్ గొట్టమో చూడాలి. పొగ లేకుండా దగ్గుతోందంటే డీజిల్ చాలట్లేదు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దాకా ఉండేది లాగుడు లైను. దానికి కన్నం పడితే డీజిల్ కింద కారదు, గాలి లోపలికి పీలుస్తుంది. కింద తడి లేదు కాబట్టి లైను బాగానే ఉందనుకుంటారు. ఫీడ్ పంపు ముందు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ పైపు ఒక మూర కట్టి చూడు. బుడగలు కనపడితే నా మాట నిజం. విజయనగరంలో 31 ఏళ్లు పంపులే విప్పాను, గాలి ఎక్కడ దూరుతుందో వాసన పడతాను.

స్కానర్ శ్రీకాకుళం · 10.05
మేస్త్రి గారూ, మీ అనుభవానికి దండం. కానీ ఇది పాత రకం ఇన్‌లైన్ పంపు బండి కాదు. రైల్లో ప్రెషర్ 1,600 బార్ దాకా ఉంటుంది. వాసన పట్టేది కాదు, చదివేది. స్కానర్ పెట్టి, లోడుతో ఘాట్ ఎక్కుతూ రెండు అంకెలు పక్కపక్కన చూడాలి. ఈసీఎం (ఇంజను కంప్యూటర్) అడిగిన రైల్ ప్రెషర్ ఎంత, నిజంగా వచ్చింది ఎంత. అడిగింది రాకపోతే సప్లై వైపు లోపం. రెండూ కలిసి నడుస్తూ కూడా దగ్గితే సెన్సార్, వైరింగ్, టర్బో వైపు వెళ్లాలి. షెడ్డులో ఖాళీ బండికి రేస్ ఇచ్చి ఓకే అనడం జ్వరం తగ్గిన రోజున రక్తపరీక్ష చేయడం లాంటిది.

పాత పంపు మేస్త్రి · 10.11
అడిగింది రాలేదని నీ డబ్బా చెబుతుంది. ఎందుకు రాలేదో చెబుతుందా?

స్కానర్ శ్రీకాకుళం · 10.14
ఎక్కడ వెతకాలో చెబుతుంది. 68 వేలు పోయే ముందు అది చాలు కదా.

గరివిడి గృహిణి · 10.30
మా బండి లెక్కలు నేనే చూస్తాను కాబట్టి చెబుతున్నా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్లిన వారంలో పలాస అవతల ఒక బంకులో 150 లీటర్లు కొట్టించాం. పది కిలోమీటర్లు రాకముందే ఇదే దగ్గు. డీజిల్‌లో నీళ్లు కిందకి దిగే సెడిమెంటర్ గిన్నె విప్పితే కిందంతా నీళ్లు. బంకువాళ్లు ఒప్పుకోలేదు, ఈ రోజుకీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. నీళ్లు చూసుకోండి ముందు.

రామభద్రపురం లారీ · 10.38
గిన్నె చూశాం అమ్మా, నీళ్లు లేవు. కల్తీ అయితే గిన్నెలో కనపడదు కదా. బంకులో డెన్సిటీ చూపించమంటే చూపించారు, సరిగ్గానే ఉంది. అంటే బంకులో బాగున్నది నా ట్యాంకులోకి వచ్చాకే మారింది. నేను చెప్పేది అదే.

సాలూరు బాడీ బిల్డింగ్ · 10.44
2022లో జిల్లా మారాం కానీ ఘాట్ మారలేదు గురూ. అక్కడ దగ్గని బండి చూపించు.

టెక్కలి డ్రైవరు · 10.58
ఓనరు గారూ, ఒక్క మాట. దగ్గినప్పుడు ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది?

రామభద్రపురం లారీ · 11.02
దానికీ దీనికీ సంబంధం ఏమిటి? ఖాళీ ట్యాంకుతో ఎవరైనా ఘాట్ ఎక్కుతారా?

స్కానర్ శ్రీకాకుళం · సోమవారం ఉదయం 7.25
రాత్రి చెప్పడం మరిచాను. మన దగ్గర ఎవరూ స్కానింగుకి డబ్బులివ్వరు. 'వైరు గుచ్చి చూసినందుకు ఎనిమిది వందలా' అంటారు. అదే చేతులతో ఇంజెక్టర్లు మార్చమంటే మాట్లాడకుండా తీసిస్తారు, పాత సామాను కళ్లముందు కనపడుతుంది కదా. ఈ ఓనరు గారి షెడ్డులోనూ అదే జరిగి ఉంటుంది. నా దగ్గరకి వచ్చిన బళ్లలో సగం అప్పటికే ఒకసారి పొట్ట కోయించుకుని వచ్చినవే.

పాత పంపు మేస్త్రి · 7.50
మా పంపు రూములో ఎనిమిది మంది ఉండేవాళ్లం. టెస్ట్ బెంచి మీద పంపు బిగించి, ఒక్కో గ్లాసులో పడే డీజిల్ కంటితో సమానం చేసేవాళ్లం. 2017లో బీఎస్-4, 2020లో బీఎస్-6 అన్నారు, పంపులు తగ్గాయి, ఇప్పుడు షట్టరు సగమే ఎత్తుతున్నాం. నువ్వు పొట్ట కోయడం గురించి నాకు చెప్పకు అబ్బాయ్. మేం కోయలేదు. మీ డబ్బా 'ప్రెషర్ తక్కువ' అని ఒక్క ముక్క చెప్పబట్టే వాళ్లు కోశారు.

స్కానర్ శ్రీకాకుళం · 7.58
నేను స్కాన్ చేయలేదు సార్ ఈ బండిని. ఎవరూ చేయలేదు. అదే కదా నా బాధ.

నెల్లిమర్ల · 8.10
ఇద్దరూ ఒకటే చెబుతున్నారు. సప్లై వైపు చూడమని.

పాత పంపు మేస్త్రి · 8.13
ఒకటే కాదు.

స్కానర్ శ్రీకాకుళం · 8.15
ఒకటి ఎలా అవుతుంది?

టెక్కలి డ్రైవరు · 9.30
మీ స్కానరూ ప్లాస్టిక్ పైపూ పక్కన పెట్టండి కాసేపు. నేను 22 ఏళ్లుగా గ్రానైట్ తోలుతున్నా. బండి ఎప్పుడు, ఎక్కడ, ఎన్నో గేరులో, ఎంత డీజిల్ మీద దగ్గుతుందో సీటులో కూర్చున్నవాడికి తెలుస్తుంది. ఓనరు గారు 68 వేలు పెట్టారు. ఆ బండి తోలినవాణ్ణి ఒక్క ప్రశ్న అడిగారా అని నా ప్రశ్న.

రామభద్రపురం లారీ · 9.47
అడగడానికి ఏముంది? ట్యాంకులో డీజిల్ తీసి అమ్ముకున్నవాడు అవును తీశాను అంటాడా? వాడికి లెక్కలో 4 వేలు పట్టుకుని పంపేశాను. ఇప్పుడు వేరే డ్రైవరు.

టెక్కలి డ్రైవరు · 9.52
పంపేశారా. మరి కొత్త డ్రైవరు చేతిలోనూ దగ్గుతోంది కదండీ.

రామభద్రపురం లారీ · 9.55
ట్యాంకు అడుగున వాడు కలిపింది మిగిలి ఉంటుంది.

టెక్కలి డ్రైవరు · 10.20
అడుగున మిగిలింది సుంకిలో కొట్టించిన కొత్త డీజిల్‌తో కలిసిపోదా? కలిసినా బండి బాణంలా పోతోందని మీరే రాశారు. చెడ్డది మీద మంచిది పోస్తే ఒక్క నిమిషంలో అంతా మంచిదైపోతుందా? ఏటండీ ఈ లెక్క?

నేనే చెబుతా వినండి. ఒడిశాలో తక్కువకి వస్తుందని ఇక్కడ కొట్టించొద్దని మీ ఆర్డరు. కాబట్టి విశాఖ నుంచి సుంకి దాకా ఉన్నదానితోనే రావాలి. సాలూరు వచ్చేసరికి డీజిల్ ముల్లు సగం కిందకి. అక్కడ ఘాట్. సుంకిలో ఫుల్ ట్యాంకు. ఆ తర్వాత దగ్గు లేదు. తిరిగొచ్చాక షెడ్డుకి ఇచ్చినప్పుడు కూడా ట్యాంకు నిండుగానే ఉంది. నాకు ఇవన్నీ ఎలా తెలుసంటారా? మీరు పంపేసిన ఆ కుర్రాడు నా బండి మీద మూడేళ్లు క్లీనరుగా చేశాడు. 'సగం కిందకి వస్తేనే కొడుతోంది అన్నా, చెబితే వినట్లేదు' అని నాకు ఫోన్లో ఏడ్చాడు. వాడు వాడు అనకండి. అతనికి పెళ్లాం, బిడ్డ ఉన్నారు.

రామభద్రపురం లారీ · 10.31
ఓహో, అదా సంగతి. సలహా కోసం వస్తే పంచాయితీ పెట్టారన్నమాట. బండి మీద వడ్డీ నేను కడుతున్నా. టైరు పేలితే నాది, ఫైన్ పడితే నాది. 40 లీటర్లు తేడా వచ్చిన ట్రిప్పు షీటు నా దగ్గరుంది. దగ్గే బండి డీజిల్ ఎక్కువ తాగిందని మీరు అంటారు, నాకు తెలుసు.

టెక్కలి డ్రైవరు · 10.34
అంటాను. గాలి పీలుస్తూ ఘాట్‌లో మాటిమాటికీ గేరు దించి తోలితే తాగదా?

మోడరేటరు · 10.40
వ్యక్తిగత లెక్కలు ఫోన్లో చూసుకోండి. బండి గురించి రాయండి.

పాత పంపు మేస్త్రి · 11.05
ఆగండి ఆగండి. సగం కిందకి వస్తేనేనా? ఈ ముక్క నిన్న రాత్రే చెప్పి ఉంటే ఇన్ని మాటలు ఎందుకు?

బాబూ, ట్యాంకు మూత పక్కన ఫ్లాంజ్ అని బోల్టులతో బిగించే బిళ్ల ఉంటుంది, దాని నుంచి లోపలికి దిగే లాగుడు పైపు. అది అదురుకి పగులుతుంది. పగులు డీజిల్‌లో మునిగి ఉన్నంతసేపూ గాలి దొరకదు, డీజిలే లాగుతుంది. మట్టం దిగి పగులు బయటపడగానే గాలి లాగుతుంది. పైగా ఎక్కుడులో బండి వెనక్కి వాలితే డీజిల్ ట్యాంకులో వెనక్కి పోతుంది, పైపు ముందు వైపుంటే పగులు ఇంకా ముందే తేలుతుంది. ప్లెయిన్‌లో ఎందుకు రాదంటావా? అక్కడ ఇంజను అడిగేది తక్కువ. కొంచెం గాలి వచ్చినా, మిగిలిన డీజిల్ ట్యాంకుకి తిరిగెళ్లే రిటర్ను గొట్టంలో వెళ్లిపోతుంది. లోడుతో ఎక్కుడులో అడుగు దాకా తొక్కినప్పుడు పంపు గట్టిగా లాగుతుంది, డీజిల్ బదులు గాలి వస్తుంది.

ఇది నాకు తట్టలేదు. నేను గొట్టాల కీళ్లు, రాగి వాషర్లే అనుకున్నాను.

స్కానర్ శ్రీకాకుళం · 11.20
ఒప్పుకుంటున్నా, నాకూ తట్టలేదు. స్కానర్ పెట్టినా నిండు ట్యాంకుతో పెడితే అంతా ఓకే అనే చూపించేది.

తేలిగ్గా తేల్చుకోండి. 20 లీటర్ల క్యాన్ శుభ్రంగా కడిగి, క్యాబిన్ వెనక గట్టిగా కట్టి, ట్యాంకు పైపు విప్పేసి ఫీడ్ పంపుకి క్యాన్ నుంచి నేరుగా పైపు ఇవ్వండి. రిటర్ను కూడా క్యాన్‌లోకే పెట్టాలి, లేకపోతే క్యాన్ త్వరగా అయిపోతుంది. ఎక్కించాక హ్యాండ్ ప్రైమర్‌తో (చేత్తో కొట్టే చిన్న పంపు) గాలి తీయండి. క్యాన్ మీద దగ్గకపోతే లోపం ట్యాంకు వైపు. దగ్గితే నన్ను పిలవండి, డబ్బులు తీసుకోను.

పాత పంపు మేస్త్రి · 11.24
క్యాన్ పద్ధతి మాదే. మేం 1995లోనే చేసేవాళ్లం.

స్కానర్ శ్రీకాకుళం · 11.25
మీదే సార్.

కంచిలి కుర్రాడు · మధ్యాహ్నం 12.10
లీటరు సంగతి ఎవరూ చెప్పలేదు.

రామభద్రపురం లారీ · శుక్రవారం రాత్రి 8.45
అప్‌డేట్. బుధవారం లోడుతో వెళ్లాం. నేనూ క్యాబిన్లో కూర్చున్నా. సాలూరు దాకా ట్యాంకు మీద వెళ్లి, ముల్లు సగం కింద ఉండగా ఘాట్ మొదట్లో తొక్కించాను. మూడో మలుపు దగ్గర దగ్గింది. బండి పక్కకి ఆపి క్యాన్ తగిలించాం. అదే గేరు, అదే ఎక్కుడు, ఒక్కసారి కూడా కొట్టుకోలేదు.

తిరిగొచ్చి ట్యాంకు పైపు తీయించాం. ఫ్లాంజ్ కింద జానెడు దూరంలో వెంట్రుకంత పగులు, వేలుతో తడిమితే తెలియలేదు. మెకానిక్ ఒక కొన వేలుతో మూసి, ఇంకో కొనలోంచి ఊదుతూ పైపుని నీళ్ల బకెట్లో ముంచితే బుడగలు వచ్చాయి. ట్యాంకు లోపలి అడ్డ రేకు పైపుకి రాసుకుని అక్కడ మెరుపు తేలింది. కొత్త పైపు, వాషర్లు, లేబరు అన్నీ కలిపి 1,900. నిన్న లోడుతో వెళ్లింది, ఏ ఇబ్బందీ లేదు. మేస్త్రి గారికి, స్కానర్ తమ్ముడికి ధన్యవాదాలు.

గరివిడి గృహిణి · 8.52
68 వేలు ఎక్కడ, 1,900 ఎక్కడ! షెడ్డువాళ్లని అడగండి.

రామభద్రపురం లారీ · 9.00
అడిగాను అమ్మా. ఇంజెక్టర్లు కొన్నాళ్లకి ఎలాగూ చేయించాల్సినవే కదా అన్నారు.

టెక్కలి డ్రైవరు · 9.06
సంతోషం ఓనరు గారూ. మరి ఆ 4 వేలు?

రామభద్రపురం లారీ · 9.15
ఫోన్ చేద్దామనే అనుకున్నా. నంబరు మార్చినట్టున్నాడు, కలవలేదు.

టెక్కలి డ్రైవరు · 9.18
నంబరు అదే. ఇప్పుడు పైడిభీమవరంలో ట్యాంకరు తోలుతున్నాడు, పొద్దున్నే నాతో మాట్లాడాడు. మీ ఫోన్ వస్తే ఎత్తమని చెప్పాను.

పాత పంపు మేస్త్రి · 9.31
బాబూ, పైపు మార్చావు సరే. ఫ్లాంజ్ కింద గాస్కెట్ కొత్తది వేశారా, పాతదే తిప్పి బిగించారా? అక్కడా గాలి దూరుతుంది.

రామభద్రపురం లారీ · 9.34
కొత్తదే వేయించాను మేస్త్రి గారూ. బోల్టులు కూడా మార్చాం.