బ్యాక్‌హ్యాండ్ వాలీ కిందికి వస్తే పైకి లేచిపోతోంది

టెన్నిస్ డబుల్స్‌లో ఫోర్‌హ్యాండ్ వాలీతో (బంతి నేలకి తగలకముందే కొట్టే షాట్) నాకు ఇబ్బంది లేదు. బ్యాక్‌హ్యాండ్ వైపు మోకాలి ఎత్తులో వచ్చిన బంతి మాత్రం గాల్లోకి లేచిపోతోంది, అవతలివాళ్లకి స్మాష్ పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. సర్వీస్ లైన్ దగ్గర ఆడే మొదటి వాలీకే ఇలా ఎక్కువ. నెట్‌కి దగ్గరగా వెళ్లాక తగ్గుతుంది.

గ్రిప్ కాంటినెంటలే (రాకెట్‌ని సుత్తిలా పట్టుకోవడం). అవతలివాళ్లు కొట్టే క్షణానికి స్ప్లిట్ స్టెప్ (కదలడానికి సిద్ధంగా వేసే చిన్న గెంతు) కూడా పడుతోంది. రాకెట్ వెనక్కి లాగకూడదని గోడకి వీపు ఆనించి ప్రాక్టీస్ చేశాను. స్ట్రింగ్ టెన్షన్ 52 నుంచి 55 పౌండ్లకి పెంచాను (దీంతో పెద్ద తేడా ఏం లేదు). కోచ్ ఇంకా వంగమంటారు. వంగితే కాలు కదలట్లేదు.

స్లో మోషన్ వీడియోలో చూస్తే, బంతి తగిలే ముందు మణికట్టు వదులై రాకెట్ తల కిందికి వాలుతోంది. బంతి తగిలేది కూడా ముందు కాదు, తుంటి పక్కన.

మణికట్టు వదలకుండా బంతిని ముందే అందుకోవడానికి, తోడు లేకుండా ఒక్కడినే చేసుకోగలిగే డ్రిల్ ఏదైనా చెప్తారా?