13 ఏళ్ల అమ్మాయి టెన్నిస్ రాకెట్‌కి ఫుల్ పాలీ (అన్నీ పాలిస్టర్ తీగలే) వేయించొచ్చా?

విశాఖ నాన్న:
మా అమ్మాయి వారానికి నాలుగైదు రోజులు ఆడుతుంది. సింథటిక్ గట్ (నైలాన్ తీగ) వేయిస్తే నెల తిరక్కుండానే తెగుతోంది. కోచ్ గారు 54 పౌండ్ల టెన్షన్‌తో (తీగల బిగింపు) ఫుల్ పాలీ వేయించమంటున్నారు. షాపాయనేమో చెయ్యి పాడవుతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

టాప్‌స్పిన్ బాబు:
కోచ్ మాటే వినండి. 1997లో బ్రెజిల్ ఆటగాడు కుయెర్టెన్ లక్సిలాన్ కంపెనీ పాలీతో ఫ్రెంచ్ ఓపెన్ కొట్టాక ఆట తీరే మారిపోయింది. నాదల్ వాడిన ఆర్‌పీఎం బ్లాస్ట్ కూడా పాలీయే. ఎంత గట్టిగా కొట్టినా బంతి కోర్టు లోపలే పడాలంటే పాలీ ఇచ్చే స్పిన్ కావాలి. రేపైనా పాలీకి రావాల్సిందే, ఇప్పుడే అలవాటైతే నష్టమేంటి?

గట్టింగ్ బల్ల:
నాదల్ పేరు చెప్పి పిల్లల చేతికి పాలీ ఇవ్వడం నాకు నచ్చదు బ్రదర్. అలాంటివాళ్లు మ్యాచ్ మధ్యలోనే కొత్త గట్టింగ్ (తీగలు) వేసిన రాకెట్ తీస్తారు. మనవాళ్లు తెగేదాకా ఆడిస్తారు. పాలీ అంత తొందరగా తెగదు, టెన్షన్ మాత్రం త్వరగా పోతుంది. బంతి తగిలినప్పుడు మెయిన్స్ (నిలువు తీగలు) పక్కకి జారి టక్కున వెనక్కి రావాలి, స్పిన్ అక్కడే పుడుతుంది. పాయింట్ అయ్యాక అవి వంకరగా ఉండిపోయి, వేళ్లతో సర్దాల్సి వస్తోందంటే దాని పనైపోయినట్టే. ఇంకా తెగలేదు కదా అని దాంతోనే లాగిస్తే దెబ్బ మోచేతికి.

నాన్న గారూ, ముందు తెగిన రాకెట్ చూడండి. మధ్యలో, మెయిన్ మీద క్రాస్ (అడ్డ తీగ) రాసుకుని గాడి పడిన చోట తెగిందా? అయితే అమ్మాయి స్పిన్‌తో కొడుతోంది. ఫ్రేమ్ దగ్గర తెగిందా? అది బంతి సరిగ్గా తగలని మిస్‌హిట్, దానికి పాలీ మందు కాదు.

డాలస్ వీకెండ్:
నలభై దాటినవాళ్లం మల్టీఫిలమెంట్‌తో (సన్నని పోగులతో చేసిన మెత్తటి తీగ) హాయిగా ఉన్నాం. ఇక మీరూ మీరూ తేల్చుకోండి.

విశాఖ నాన్న:
మధ్యలోనే. గాడి స్పష్టంగా కనిపిస్తోంది. పోనీ నేచురల్ గట్?

గట్టింగ్ బల్ల:
ఆవు పేగుతో చేసే సరుకు, మీ సముద్రపు తేమకి నిలవదు. ధర కూడా మంట. ఫెదరర్ మెయిన్స్‌కి నేచురల్ గట్, క్రాస్‌కి పాలీ వేసేవాడు. మీరు తిరగేయండి: మెయిన్స్‌కి మెత్తటి పాలీ 46 పౌండ్లు, క్రాస్‌కి ఇప్పుడున్న సింథటిక్ 48. 54 మాత్రం వద్దు.

టాప్‌స్పిన్ బాబు:
అదీ తెగుతుందిగా! నెలనెలా ఖర్చు మీరిస్తారా? అంత టెన్షన్ తగ్గిస్తే బంతి ఫెన్స్ దాటుతుంది.

గట్టింగ్ బల్ల:
200 మీటర్ల పాలీ రీల్ కొంటే రాకెట్‌కి 12 మీటర్ల లెక్కన 16 ఫుల్ గట్టింగులు. ఇలా రెండు రకాలు కలిపే హైబ్రిడ్‌కి సగమే పడుతుంది కాబట్టి దాదాపు రెట్టింపు. బంతి గీత దాటి పోతుంటే రెండు పౌండ్లు పెంచుకోవచ్చు, కింద నుంచి పైకి రావడమే మేలు.

విశాఖ నాన్న:
ఒక రాకెట్‌కి 46/48 వేయిస్తున్నా. రెండోది సింథటిక్‌తోనే ఉంచుతా. కోచ్ గారికి టెన్షన్ సంగతి ఎలా చెప్పాలో అదే అర్థం కావట్లేదు.

టాప్‌స్పిన్ బాబు:
చెప్పకండి. ఆడించి చూపించండి. నేను మాత్రం 50 దిగనివ్వను.