‘తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు’: మొండితనమా, పెత్తనమా?

ఈ సామెతకు మనమంతా చెప్పుకునే అర్థం మొండిపట్టు. ఆ అర్థం సగమేనని నాకు కొన్నాళ్ళుగా అనిపిస్తోంది. కుందేలు అతని చేతిలోనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళకు నాలుగు కాళ్ళూ కనిపిస్తూనే ఉన్నాయి. అంటే అతను ఎవర్నీ మోసం చెయ్యడం లేదు. ‘మూడన్నాను, నాలుగని ఎవరంటారో అనండి చూద్దాం’ అంటున్నాడు. ఈ మాట పాలేరు అంటే నవ్వి ఊరుకుంటారు. ఆసామి అంటే అందరూ మూడని లెక్కపెట్టాల్సి వస్తుంది.

దీని పక్కన ఇంకో సామెత పెట్టి చూడండి: అబద్ధమాడినా అతికినట్టుండాలి. (సంస్కృతంలో ‘అబద్ధం’ అంటే కట్టుబడనిది, పొంతన లేనిది. ఆ పొంతన లేనిదాన్నే అతికించమంటోంది మన సామెత, ఎంత బాగుందో!) అతికించే బాధ ఎవరికి? దొరికిపోతానని భయపడేవాడికి. బాకీ తీర్చలేక సాకు చెప్పేవాడికి, బడి ఎగ్గొట్టిన పిల్లాడికి. వాళ్ళకు ఎదుటివాళ్ళు నమ్మడం కావాలి. కుందేలు పట్టినవాడికి నమ్మకంతో పనిలేదు, తలూపితే చాలు. మాట ఎంత అతకకపోతే అతని బలం అంత బయటపడుతుంది.

2017 జనవరి 20న వాషింగ్టన్‌లో ట్రంప్ ప్రమాణ స్వీకారం జరిగింది. 2009లో ఒబామా ప్రమాణ స్వీకారం ఫొటో పక్కన పెడితే ఎందులో జనం పలచగా ఉన్నారో చిన్నపిల్లలైనా చెబుతారు. మర్నాడే అధ్యక్ష భవనం ప్రతినిధి విలేకరుల ముందుకొచ్చి, ఇంతమంది చూసిన ప్రమాణ స్వీకారం చరిత్రలోనే లేదని చెప్పి, ప్రశ్నలు తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు అధ్యక్షుడి సలహాదారు టీవీలో ఆ మాటలకు ‘ప్రత్యామ్నాయ వాస్తవాలు’ అని పేరు పెట్టింది.

ఆ వెంటనే ఇద్దరు పరిశోధకులు దాదాపు 1,400 మందితో ఒక సర్వే చేశారు. కొందరికి ఆ రెండు ఫొటోలూ ఏది ఎవరిదో చెప్పకుండా చూపించి, ఎందులో జనం ఎక్కువ అని మాత్రం అడిగారు. ట్రంప్‌కి ఓటేసినవాళ్ళలో 15 శాతం మంది పలచగా ఉన్న ఫొటోనే చూపించారు. అతనిమీద పోటీ చేసిన హిల్లరీ క్లింటన్‌కి ఓటేసినవాళ్ళలో అలా చెప్పినవాళ్ళు 2 శాతం. వాళ్ళకు కళ్ళు లేక కాదు. ఏ ఫొటో ఎవరిదో పోల్చుకుని, తమ నాయకుడి పక్షాన నిలబడ్డారు. నాకు ఈ సామెత అసలు అర్థం అక్కడ దొరికింది. మీరేమంటారు?

వ్యాఖ్య: ‘కుందేటికి’ అని రాసినందుకు సంతోషం మాస్టారూ. రోలు రోటికి, నాగలి నాగటికి అయినట్టే ఇదీను. ఇప్పుడు అందరూ ‘కుందేలుకి’ అనేస్తున్నారు.

వ్యాఖ్య: మేం కుందేలుకు అనే అంటం సార్, తప్పేం గాదు. మీరు చెప్పే ముచ్చటకు మా దిక్కు ఒక్క మాట చాలు: దబాయించుడు. దబాయించేటోడు చెప్పింది ఎవ్వలు నమ్మరు. ఎదురు మాత్రం చెప్పరు.

జవాబు: అదే మాట కోసం వెతుకుతున్నానండీ. హిందీ, ఉర్దూల్లోని ‘దబానా’ నుంచి వచ్చింది, అంటే నొక్కడం, అణచడం. బొంకులోనూ కల్లలోనూ ఈ నొక్కడం లేదు. బుకాయింపు దగ్గరగా వస్తుంది గానీ, అందులో దొరికిపోయినవాడి కంగారు ఇంకా ఉంది. దబాయింపులో కంగారు ఉండదు. శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఎక్కడెక్కడ బొంకవచ్చో చెప్పాడు కదా: ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళిళ్ళలో, ప్రాణమో ధనమో మానమో పోయేటప్పుడు, గోబ్రాహ్మణులను కాపాడేటప్పుడు. అంత జాబితాలోనూ బలం చూపించుకోవడానికి బొంకడం లేదు.

వ్యాఖ్య: క్రిమియా సంగతి కూడా ఇందులోకే వస్తుందనుకుంటా. 2014లో ఉక్రెయిన్‌లో భాగమైన ఆ ద్వీపకల్పంలో గుర్తులు లేని యూనిఫాంలతో సైనికులు దిగారు. మార్చి 4న రష్యా అధ్యక్షుడు పుతిన్‌ని అడిగితే, వాళ్ళు స్థానిక ఆత్మరక్షణ దళాలనీ, అలాంటి బట్టలు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయనీ అన్నాడు. మార్చి 18న క్రిమియాను కలుపుకున్నాడు. ఏప్రిల్ 17న ప్రజలతో జరిపే టీవీ కార్యక్రమంలో, ఆ దళాల వెనక మా సైనికులే నిలబడ్డారని తనే చెప్పాడు. సిగ్గుపడలేదు.

జవాబు: చాలా మంచి ఉదాహరణ ఇచ్చారు. అబద్ధం బయటపడితే పరువు పోతుందనుకుంటాం. ఇక్కడ బయటపెట్టింది అతనే, అదీ గెలిచాక. లోకమంతా కుందేటికి కాళ్ళెన్ని అని వాదించుకుంటూ ఉండగా కుందేలు సంచిలోకి వెళ్ళిపోయింది. ఆ కుందేలు ఎవరిది అన్న ప్రశ్న వెనకబడింది. ఓటరుకు జరిగే నష్టం కూడా ఇలాంటిదే. ఉద్యోగాలూ ఆస్పత్రులూ అడగాల్సిన నోరు కాళ్ళ లెక్కలో అలిసిపోతుంది.

వ్యాఖ్య: డాలస్ నుంచి రాస్తున్నాను. మా బంధువు ఒకాయనతో ఈ జనం ఫొటోల మీద అప్పట్లో వాదన పెట్టుకున్నాను. ‘అబద్ధమని నాకూ తెలుసమ్మా. కానీ ఆ టీవీవాళ్ళ మొహాలు చూశావా, ఎలా మాడిపోయాయో’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయన మోసపోలేదు, ఆ బలంలో తనకీ వాటా ఉందనుకున్నారు. అది నన్ను ఇంకా బాధపెట్టింది.

వ్యాఖ్య: 15 శాతమే కదండీ. మిగతా 85 శాతం మంది, అతనికే ఓటేసి కూడా, ఉన్నదున్నట్టు చెప్పారు.

జవాబు: నిజమే, ఆ మాట నేనే ముందు రాయాల్సింది. వాళ్ళు కళ్ళను అమ్ముకోలేదు. అయితే డాలస్ అమ్మాయి చెప్పిన పెద్దాయన ఉన్నారు చూడండి, ఆయనకు ఆ ఫొటోలు చూపిస్తే ఆయన కూడా సరిగ్గానే లెక్కపెట్టేవారు. సరైన లెక్క తెలిసి కూడా అది పట్టింపు కాకపోవడం గురించే నా దిగులు.

ఇంకో సంగతి. ఇలాంటి చోట మన పత్రికలు ‘ప్రజలను తప్పుదోవ పట్టించారు’ అని రాస్తాయి. దోవ అందరికీ కనిపిస్తూనే ఉన్నప్పుడు అది తప్పు క్రియ. ‘దబాయించారు’ అని ఎందుకు రాయరు?

వ్యాఖ్య: నేను డెస్కులో చాలా ఏళ్ళు పనిచేశాను మాస్టారూ. ‘దబాయించారు’ అని రాస్తే అది మన అభిప్రాయం అవుతుందని కొట్టేసేవాళ్ళు. ‘ఉద్ఘాటించారు’, ‘స్పష్టం చేశారు’ అని రాస్తే మాత్రం ఎవరూ అభ్యంతరం పెట్టేవారు కాదు. స్పష్టం చెయ్యడమంటే అప్పటికే నిజమైనదాన్ని విప్పి చెప్పడం కదా! అబద్ధానికి ఆ క్రియ నేను ఎన్నిసార్లు తగిలించానో తలుచుకుంటే బాధగా ఉంది. చివరి రోజుల్లో కొత్తగా చేరిన పిల్లలకు ఒకటే చెప్పేవాణ్ణి: ‘అన్నారు’ అని రాయండి, పక్కన ఫొటో వెయ్యండి.