తాడ్వాయి అడవిలో టెంట్ వేసుకోవచ్చా?

ప్రశ్న: హన్మకొండ నుంచి బైకుల మీద ఏటూరునాగారం పోతున్నం. తాడ్వాయి దాటినంక అడవిలోకి నడిచి, రాత్రి టెంట్ వేయాలనుకుంటున్నం. పర్మిషన్ కావాల్నా?

జవాబు: అది అభయారణ్యం అన్నా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ రోడ్డు మీద పోయేటోళ్లకు పర్మిట్ అక్కర్లేదు. రోడ్డు దిగి లోపలికి నడిస్తే మాత్రం కావాలె. పర్యటన, ఫొటోలు, పరిశోధనకు 28వ సెక్షన్ కింద ఇస్తరు. ముందే ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడగండి, రాత్రి బస సంగతి విడిగా అడగండి. ఊరోళ్లు సరే అన్నరని పోవద్దు; అక్కడ ఉండేటోళ్ల హక్కులు మీకు వర్తించవు.

జవాబు: నిప్పు గురించి ఎవరూ అడగరు, అసలు ప్రమాదం అదే. ఎండాకాలం మొదలైతే టేకు ఆకు రాలి నేలంతా ఎండిపోయి ఉంటది. పైన బూడిదైనా అడుగున నిప్పు రగులుతనే ఉంటది, గాలి తగిలితే మళ్లీ లేస్తది. అడవికి ముప్పు తెచ్చేటట్టు మంట రాజేసినా, ఆర్పకుండ వదిలినా 30వ సెక్షన్ కింద నేరం. స్టవ్ కూడా వద్దు, వండిన తిండే పట్టుకపోండి.

ప్రశ్న: డ్రోన్? కోతులకు బిస్కెట్లు?

జవాబు: డ్రోన్ రాతపూర్వక అనుమతి లేకుండ ఎగరేయొద్దు. కోతులకు ఏమీ పెట్టొద్దు. తిండికి అలవాటుపడి రోడ్డు మీదనే కూర్చుంటయి, లారీల కింద పడతయి.