ప్రభుత్వం మారితే సామాన్యుడికి ఏం పోతుంది? – కర్నూలు నుంచి ఒక ప్రశ్న (మారుపేర్లతో సాగిన ఆన్‌లైన్ చర్చ)

ఓర్వకల్లు రాళ్లు: రాజకీయ అస్థిరత అనగానే అందరూ శ్రీలంక, బంగ్లాదేశ్ వైపు చూస్తారు. మన ఊరి సంగతి చూడండి. 2020లో చట్టం చేసి కర్నూలును న్యాయ రాజధాని అన్నారు. 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వం మారాక, 2024 నవంబరులో, హైకోర్టు బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసింది. అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్నాయి. 5 రూపాయల భోజనం మీద ఆధారపడిన హమాలీ మధ్యలో అయిదేళ్లు ఏం తిన్నాడు? ఇది అస్థిరత కాదా?

కేసీ కాలువ గట్టు: కాదు. 2019లో వైసీపీకి 175కి 151 సీట్లు, 2024లో తెలుగుదేశం కూటమికి 164. ఇంతకంటే స్థిరమైన ప్రభుత్వాలు ఎక్కడుంటాయి? అసలైన అస్థిరత ఈ కర్నూలే చూసింది. 1953లో ఇది ఆంధ్ర రాష్ట్ర రాజధాని, ఆఫీసులు గుడారాల్లో. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో కూలింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. అయినా తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టింది ఆ ఏడాదే. ఇక శ్రీలంక అంటారా, అక్కడ మూడింట రెండు వంతుల బలమున్న ప్రభుత్వమే 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువులు ఆపేసింది. వరి రైతు నడ్డి విరిగింది అప్పుడు. అధ్యక్షుడు దేశం వదిలి పారిపోయింది 2022లో. ముంచింది బలహీన ప్రభుత్వం కాదు, అడ్డు చెప్పేవాడు లేని ప్రభుత్వం.

నంద్యాల చెక్‌పోస్టు: న్యాయ రాజధాని అనగానే ప్లాట్లు కొన్నవాళ్ల ఏడుపు ఇది.

ఓర్వకల్లు రాళ్లు: నాకు ప్లాటు లేదు.

నంద్యాల చెక్‌పోస్టు: మీ బంధువులకు ఉండి ఉంటుంది.

చెరువు కట్ట: మాస్టారూ, 1954 విశేషాలు బాగున్నాయి. నా సంగతి వినండి. ఎన్నికలకు ముందు మా మండలంలో చెరువు పూడిక తీశాను. ఎంబుక్‌లో (చేసిన పనిని నమోదు చేసే పుస్తకం) కొలతలు ఎక్కాయి, సంతకాలు అయ్యాయి. ప్రభుత్వం మారింది, బిల్లు ఆగింది. ‘పాత పనులపై విచారణ’ అన్నారు. విచారణకు వచ్చిన అధికారి కట్ట మీద నిలబడి, నిండిన చెరువును చూస్తూ ‘పూడిక తీసినట్టు ఆధారం ఏది?’ అని అడిగాడు. నీళ్లలో దిగి చూపించమంటారా అన్నాను. జేసీబీ యజమాని, డీజిల్ బంకువాడు నా ఇంటి ముందు కూర్చున్నారు. ఇంట్లో బంగారం కుదువకు పోయింది. 151 సీట్లా, 164 సీట్లా అని వడ్డీ వ్యాపారి అడగలేదు.

కేసీ కాలువ గట్టు: ఆ పని మీకు ఎలా వచ్చింది?

చెరువు కట్ట: అంటే?

కేసీ కాలువ గట్టు: టెండరులోనా, టెండరు లేకుండా నామినేషన్ మీదా? నామినేషన్ మీద అయితే ఎవరు సిఫారసు చేశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పార్టీ మనిషిగా పని తెచ్చుకుని, పార్టీ ఓడాక సామాన్యుడిగా మారిపోతే ఎలా?

చెరువు కట్ట: కూలీలకు నా చేతి నుంచి ఇచ్చాను! వాళ్లు సామాన్యులు కారా? మీకు ఎవరు గెలిచినా పింఛను పడుతుంది. అందుకే గుడారాల కథలు చెప్పగలుగుతున్నారు.

కేసీ కాలువ గట్టు: నా పింఛను కూడా ఒకటో తేదీన పడని నెలలు ఉన్నాయి. వ్యక్తిగతంగా వెళ్లవద్దు.

నంద్యాల చెక్‌పోస్టు: మొదట వెళ్లింది మీరే కదా.

చెరువు కట్ట: సరే, విప్పి చెబుతాను. అవును, నాయకుడి దగ్గరికి వెళ్లాను. వెళ్లకుండా మా మండలంలో ఎవరికి పని దొరికిందో ఒక్క పేరు చెప్పండి. రేపు బిల్లు కోసం ఈ కొత్తవాళ్ల గుమ్మం కూడా ఎక్కుతాను. కండువా మార్చమంటే మారుస్తాను. అప్పు తీరాలి.

కేసీ కాలువ గట్టు: మీకు కావలసింది స్థిరత్వం కాదు, మీవాళ్లు అధికారంలో ఉండడం.

ఓర్వకల్లు రాళ్లు: మాస్టారూ, పూర్తయిన పనికి డబ్బు ఇవ్వాలా, వద్దా? ఆ ఒక్కటి చెప్పండి.

కేసీ కాలువ గట్టు: పని నిజమైతే ఇవ్వాలి. నిజమో కాదో తేల్చవద్దంటారా?

చెరువు కట్ట: తేల్చండి. ఎన్నేళ్లు తేలుస్తారు?

కొత్తపేట రెండో వీధి: ఇంతసేపూ చదువుతున్నాను. నేను వాలంటీరుగా చేశాను, నెలకు 5 వేలు. దరఖాస్తు పెట్టాను, ఇచ్చారు. తెల్లవారుజామునే తలుపు తట్టి ముసలివాళ్ల చేతిలో పింఛను పెట్టేదాన్ని. వేలిముద్ర పడకపోతే ఆ అవ్వ చేతికి నూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టించేదాన్ని. 2024 తర్వాత ఆ పని లేదు. పని పోతే మరొకటి చూసుకుంటాను, బట్టల దుకాణంలో అడిగాను. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ‘నువ్వు ఆ పార్టీ అమ్మాయివి కదా?’ అని. నేను ఏ సభకూ పోలేదు. మా నాన్న ఏ జెండా మోయలేదు. మాస్టారూ, మీ లెక్కలో నేను ఎవరి మనిషిని?

చెరువు కట్ట: అమ్మా, ఇదే నేను చెబుతున్నది.

కొత్తపేట రెండో వీధి: లేదన్నా, మీరు చెబుతున్నది ఇది కాదు. మీకు కండువా మార్చుకునే దారి ఉంది. నేను వేసుకోని కండువాను ఎలా తీసేది?

నంద్యాల చెక్‌పోస్టు: ఏ దుకాణం అమ్మా?

కేసీ కాలువ గట్టు: ఈ అమ్మాయికి జరిగింది అన్యాయం, కాదనను. అది వేరే విషయం. 1954లో ప్రభుత్వం కూలినందువల్ల ఏ కూలివాడి కూలి ఆగిందో అడిగాననుకోండి, ఎవరైనా చెప్పగలరా?

ఓర్వకల్లు రాళ్లు: అడగలేదు మాస్టారూ.

కేసీ కాలువ గట్టు: ఇప్పుడు అడుగుతున్నాను.