కార్బన్ నానో కణాలు: క్యాన్సర్ రోగి ఒంట్లోకి ఎక్కించవచ్చా?

గోదారి_గట్టు:
మా పెద్దమ్మకి థైరాయిడ్ క్యాన్సర్. వచ్చే నెల ఆపరేషన్. ఫ్యామిలీ గ్రూపులో మా బావ ఒక వీడియో పెట్టాడు. కార్బన్ నానోట్యూబుల్లో, అంటే కంటికి కనపడనంత సన్న కార్బన్ గొట్టాల్లో, మందు నింపి గడ్డలోకే పంపిస్తారట, జుట్టు రాలదట, వాంతులుండవట. పది నిమిషాల్లో అన్నయ్య ఇంకోటి పెట్టాడు: ‘అవి ఆస్బెస్టాస్ లాంటివి, వాటితోనే క్యాన్సర్ వస్తుంది’ అని. పెద్దమ్మ రెండూ చూసింది, రాత్రంతా నిద్రపోలేదు. ఎవరి మాట నమ్మాలి?

రేకుల_షెడ్డు:
మీ అన్నయ్య మాట గాలివార్త కాదు. 2008లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు పొడవాటి నానోట్యూబుల్ని ఎలుకల పొట్ట పొరలోకి ఎక్కిస్తే, ఆస్బెస్టాస్ పోగులు తెచ్చే రకం వాపే వచ్చింది. ఒంట్లో చెత్తను మింగే కణాలుంటాయి, మాక్రోఫేజ్‌లంటారు. సూదిలాంటి నానోట్యూబు వాటికన్నా పొడవుంటే పూర్తిగా మింగలేవు, కక్కలేవు. గొంతులో ముల్లు దిగినట్టే. అక్కడ వాపు ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది. 2014లో ఐఏఆర్‌సీ (క్యాన్సర్ మీద పరిశోధించే అంతర్జాతీయ సంస్థ) ఒక రకం నానోట్యూబుని, ఎండబ్ల్యూసీఎన్‌టీ-7ని, ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి’ అనే 2బి జాబితాలో చేర్చింది. నేనైతే మా ఇంట్లో వాళ్లకి ఎక్కించనివ్వను.

చిట్టి_సీసా:
రేకుల షెడ్డు గారూ, సగమే చెప్పారు. ఆ ప్రయోగంలోనే పొట్టివి, ఉండచుట్టుకున్నవి అలాంటి హాని చేయలేదు. ఐఏఆర్‌సీ కూడా మిగతా నానోట్యూబుల్ని, తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవంటూ 3వ గ్రూపులో పెట్టింది. అదే 2008లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు పాలిమర్ పూత పూసిన సన్న నానోట్యూబుల్ని ఎలుకల రక్తంలోకి ఎక్కిస్తే, ఎక్కువ భాగం పైత్యరసంతో కలిసి మలంలో బయటికొచ్చింది. 2010లో ఇంకో బృందం, మన తెల్లకణాల్లోని ఒక ఎంజైమ్ వీటిని ముక్కలు చేయగలదని చూపించింది.

అయినా ఇప్పుడిస్తున్న మందులు అమృతమా? డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు డోసు పెరిగితే గుండె దెబ్బతింటుంది. ఆ మందు గుండెకి తగ్గి గడ్డకి ఎక్కువ చేరే దారి వెతకడం తప్పెలా అవుతుంది?

రేకుల_షెడ్డు:
వెతకండి, వద్దనడం లేదు. కానీ మందు వేరు, మందు మోసుకెళ్లే డబ్బా వేరు. మందు పని చేసి పోతుంది. డబ్బా ఎక్కడ కూర్చుంటుంది? చాలామటుకు కాలేయంలో, ప్లీహంలో. 2016లో టొరంటో వాళ్లు పదేళ్ల ప్రయోగాలు కలిపి లెక్కేస్తే, ఎక్కించిన నానో కణాల్లో గడ్డకి చేరింది, మధ్యస్థ విలువ (మీడియన్) చూస్తే, 0.7 శాతం. వందలో ఒకటి కూడా లేదు! పైగా నానోట్యూబుల తయారీలో వాడే ఇనుము, నికెల్ తునకలు సరిగ్గా కడగకపోతే వాటిలోనే ఉండిపోతాయి. అదో విషం.

సంతలో_సైకిల్:
ఇంత వాదన ఎందుకండీ, అమెరికాలో కార్బన్ డాట్స్‌ని మనుషుల మీదే పరీక్షించారుగా. ఏమీ కాలేదు.

చిట్టి_సీసా:
సైకిల్ అన్నా, అవి ‘సి డాట్స్’. సి అంటే కార్నెల్ యూనివర్సిటీ. లోపలుండేది సిలికా, అంటే ఇసుక జాతి. మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) ఉన్న ఐదుగురికి ఇచ్చిన ఫలితాలు 2014లో వచ్చాయి. నేను కార్బన్ పక్షమే, కానీ లేని గెలుపు మన ఖాతాలో వేసుకోకూడదు. అసలు కార్బన్ డాట్స్ వేరు, అవి చుక్కల్లాంటి అతి చిన్న కార్బన్ కణాలు. 2004లో నానోట్యూబుల్ని శుద్ధి చేస్తుంటే అనుకోకుండా దొరికాయి. ఐదారు నానోమీటర్ల లోపుంటే కిడ్నీ వడగట్టి మూత్రంలో పంపేస్తుంది. నాకు వాటి మీదే ఆశ.

ఓటీ_లైటు:
ఇద్దరూ నానోట్యూబు దగ్గరే కొట్టుకుంటున్నారు, పెద్దమ్మగారిది థైరాయిడ్. చైనాలో థైరాయిడ్ ఆపరేషన్లలో కార్బన్ నానో కణాల ద్రవం ఏళ్లుగా వాడుతున్నారు. గుండ్రటి కణాలు, ఒక్కోటి దాదాపు 150 నానోమీటర్లు. రక్తనాళాల గోడల్లో దూరలేవు, లింఫ్ నాళాల్లోకి మాత్రం వెళ్తాయి. ఒక మీటింగులో వీడియో చూశాను. సన్న సూదితో థైరాయిడ్‌లోకి రెండు మూడు చుక్కలు వేశారు. కాసేపటికి పసుపుపచ్చ కొవ్వులో నల్ల మిరియాలు చల్లినట్టు, క్యాన్సర్ పాకే లింఫ్ గ్రంథులు తేలాయి. పక్కనే పారాథైరాయిడ్, ఒంట్లో కాల్షియంని అదుపులో పెట్టే గ్రంథి, బియ్యపు గింజంత ఉంటుంది, దానికి నలుపు అంటలేదు. పొరపాటున దాన్ని కోసేస్తే కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి. మాకు అసలు టెన్షన్ అక్కడే. పైగా నల్లబడిన భాగం చాలావరకు కోసి బయటికే తీసేస్తాం కదా, ఒంట్లో మిగిలేది తక్కువ.

రేకుల_షెడ్డు:
ఇది ఒప్పుకుంటా. రక్తంలోకి ఎక్కించడం, కోసి తీసేసే చోట వేయడం ఒకటి కాదు. కానీ సూది తీసేటప్పుడు చుక్క బయటికి కారితే చుట్టూ అంతా నలుపే, ఏది ఏదో కనపడదు. కారినది కడిగితే పోదు కూడా.

వీరమ్మ_మనవడు:
మా నాయనమ్మ చేతికి దీపం మసితో పొడిపించుకున్న పచ్చబొట్టు ఉంది. అదీ కార్బనే! ఎనభై దాటింది, ఇంకా నాట్లకి వెళ్తానంటుంది.

రేకుల_షెడ్డు:
నాయనమ్మగారికి దండం. అయితే పచ్చబొట్టు రంగు చంకలోని లింఫ్ గ్రంథులకి చేరుతుంది. అలా నల్లబడ్డ గ్రంథిని చూసి, మెలనోమా పాకిందేమోనని డాక్టర్లు పొరబడిన కేసులున్నాయి. మసి చంపకపోవచ్చు, పరీక్షని మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. గ్రంథుల్ని గుర్తుపట్టడానికే వీటిని వాడదామంటున్నప్పుడు అది చిన్న విషయమా?

చిట్టి_సీసా:
కాదు. కానీ ఆ లెక్కన ఎన్నేళ్లు ఆగాలో కూడా చెప్పండి. రోగికి అన్నేళ్లు ఉండవు.

గోదారి_గట్టు:
ఇవాళ డాక్టర్ని అడిగాం. వీళ్ల ప్లాన్‌లో నానోట్యూబూ లేదు, నల్ల ద్రవమూ లేదు, మామూలు ఆపరేషనే. నానోట్యూబులో నింపిన క్యాన్సర్ మందు ఇంకా ఎక్కడా మార్కెట్లోకే రాలేదన్నారు. బావ వీడియో తీసేశాడు, అన్నయ్య తీయనంటున్నాడు. పెద్దమ్మ మాత్రం ఓటీ లైటు గారి పోస్టు రెండుసార్లు చదివించుకుని, ‘ఆ గింజని చూసి కొయ్యమని చెప్పు’ అంది.